పనికొరకు నిలిచినవారు



మత్తయి సువార్త 20వ అధ్యాయములో మన ప్రభువు చెప్పిన ద్రాక్షతోట ఉపమానమును మీరు అనేక పర్యాయములు వినియుందురు. మనలో చాలమంది ఆ కథలో సాయంకాలపు కూలి యొద్దకే త్వరగా పరుగెత్తుదుము. నేడు మీరు నాతోకూడ కొంచెముసేపు ఆ సంతవీధిలోనే నిలువవలెనని వేడుకొనుచున్నాను. తోట యజమానుడు తెల్లవారగానే ఒకసారి వచ్చెను. మరల మూడు గంటలకు, ఆరు గంటలకు, తొమ్మిది గంటలకు వచ్చెను. ఇక ఒక గంట మాత్రమే పగలు మిగిలియుండగా కడపటిసారి వచ్చి చూడగా, అప్పటికిని కొందరు అక్కడనే నిలిచియుండిరి. వారు సోమరులు కారు. సోమరియైనవాడు ఉదయమునుండి సాయంకాలమువరకు ఎండలో నిలువడు. ఇంటికి పోయి పండుకొనును. ఎందుకు నిలిచితిరని అడిగినప్పుడు, తమను ఎవరును పనికి పిలువలేదని వారు చెప్పిరి. కష్టజీవుల చరిత్రలో ఇంతకంటె పాతదియు, ఇంతకంటె బరువైనదియు అయిన జవాబు లేదు.

ఆ జవాబు వినబడిన ఒక సంతవీధి మన తెలుగువారి చరిత్రలోను ఉన్నది. అది యెరూషలేములో లేదు. బంగాళాఖాతమునకు ఆవలి ఒడ్డున రంగూను పట్టణములో నున్నది. మన తాతముత్తాతలు ఆ పట్టణములో పరదేశులై, చేతులు జోడించి పనికొరకు నిలిచిరి. వారి కథ మనకు తెలిసియుండుట మంచిది. ఏలయనగా మన పిల్లలు నేడును వేరు పట్టణములలో అట్లే నిలుచుచున్నారు.

కాకినాడకు దక్షిణమున, గోదావరి సముద్రమును కలియు ప్రాంతమున కోరంగి అను ఊరు గలదు. ఒకప్పుడు అది ఓడలు కట్టు గొప్ప రేవు. 1839వ సంవత్సరము నవంబరు మాసమున వచ్చిన తుపాను ఆ రేవును నాశనము చేసెను. ఊరు పాడైనను పేరు మాత్రము సముద్రము దాటెను. బర్మా దేశమున మన కోస్తావారందరిని, వారు గంజామువారైనను విశాఖపట్టణమువారైనను, కోరంగీలనియే పిలిచిరి. చాలమంది కోరంగిని కన్నులార చూచినవారు కారు. పరదేశములో మనిషి మొదట పోగొట్టుకొనునది తన సొంత పేరు. అతని ఊరేదో, తండ్రి ఎవరో అడుగువాడు లేడు. గుంపునకు ఒకే పేరు పెట్టుదురు.

1852లో ఆంగ్లేయులు దక్షిణ బర్మాను వశపరచుకొనిరి. ఐరావతీ నది డెల్టాలో అడవులు నరికి వరి నాటిరి. 1869లో సూయెజు కాలువ తెరువబడగా ఆ బియ్యము ఐరోపాకు పోవుటకు దగ్గరి మార్గము కలిగెను. రంగూనులో బియ్యపు మరలు లేచెను. రేవులో ఓడలు క్రిక్కిరిసెను. వడ్లు పండించుటకు బర్మీయ రైతులుండిరి గాని, బస్తాలు మోయుటకు, మరలు త్రిప్పుటకు, ఓడలు నింపుటకు కూలీలు చాలకపోయిరి. ఈ ప్రక్క మన జిల్లాలలో కరవును అప్పును కలిసి మనుష్యులను తరుముచుండెను. 1876 మొదలు 1878 వరకు వచ్చిన గొప్ప కరవును మన సంఘములు మరువవు; ఒంగోలు ప్రాంతమున క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో ఆకలిగొన్నవారికి పని చూపించినది ఆ కాలముననే. ఊరిలో కూలి గింజలుగా దొరకెడిది. రంగూనులో రూపాయలుగా దొరకునని వినిరి. ఊరిలో మాలవాడు, మాదిగవాడు నడువరాని వీధులుండెను; ఓడపైన అందరికిని ఒకే బల్ల.

కాబట్టి కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, గోపాలపురము రేవులనుండి స్టీమర్లు బయలుదేరెను. ప్రయాణికులు పై బల్లమీద, చాపయు మూటయు మాత్రమే గలవారై కూర్చుండిరి. మన ఉత్తరపు జిల్లాలలో ముసలివారు రంగూనును రంగమనిరి. రంగము పోయెనన్నచో ఇంటివారు ఏడ్చుటయు, ఆశపడుటయు రెండును ఒకేసారి జరుగుచుండెను.

ఆ పట్టణము ఎంతటిదో లెక్కలు చెప్పును. 1931 జనాభా లెక్కలలో రంగూను ప్రజలు 4 లక్షలకు కొంచెము పైన. వారిలో 2,12,000 మందికి మించి భారతీయులు, అనగా సగమునకు పైగా. బర్మా అంతటను భారతీయులు 10 లక్షలు దాటిరి. అందులో తెలుగువారు సుమారు లక్షన్నర. 1920ల చివరి యేండ్లలో, వలసవచ్చువారి సంఖ్యనుబట్టి, రంగూను రేవును న్యూయార్కు రేవుతో పోల్చిరి. ఒక వీధిలో తమిళపు చెట్టియారులు వడ్డీ లెక్కలు వ్రాయుదురు. మరియొక వీధిలో చీనా వడ్రంగులు పనిచేయుదురు. నదిలో చిట్టగాంగువారు సంపానులు నడుపుదురు. తెలుగువారు రేవులో, బియ్యపు మరలలో బస్తాలు మోసిరి, రిక్షాలు లాగిరి, పట్టణపు వీధులు ఊడ్చిరి.

అంత పెద్ద పట్టణములో క్రొత్తగా దిగిన పరదేశికి పని ఎట్లు దొరకెను? చదువరులారా, ఈ సంగతిని జాగ్రత్తగా గమనించుడి. పని ఇచ్చు దొర కూలివానిని ఎరుగడు. కూలివాడు దొరను ఎరుగడు. ఇద్దరి నడుమ మేస్త్రీ ఉండెను. మేస్త్రీ మన ఊరివాడే; మన భాషయే మాటలాడును; కొన్నిసార్లు చుట్టమే. అతడు ఊరికి వచ్చి ఓడ ఛార్జీ ఇచ్చును, ఇంటి ఖర్చులకు కొంత అడ్వాన్సు ఇచ్చును, వ్రేలిముద్ర వేయించుకొనును. అతనిపైన పెద్ద మేస్త్రీ, ఆపైన కంట్రాక్టరు, ఆపైన కంపెనీ. కంపెనీ ఇచ్చిన కూలి ఇన్ని చేతులు దాటి క్రిందికి దిగునప్పటికి సన్నగిలిపోవును. మిగిలినదానిలో అడ్వాన్సు బాకీ కోయబడును. పని లేని దినములలో తిండి ఖర్చు మరల బాకీలో చేరును. బస గదులలో ఎంతటి ఇరుకనగా, రాత్రి పనివాడు లేచిన చోటనే పగటి పనివాడు పండుకొనుచుండెను. 1929లో నియమింపబడిన కార్మిక రాజకీయ సంఘము (దీనికి విట్లీగారు అధ్యక్షులు) బర్మాకును వెళ్లి విచారించి, 1931లో తన నివేదికను ప్రచురించెను. 1933లో ఆండ్రూ అను ఉద్యోగి రంగూనులోని భారతీయ కూలీలను గూర్చి ఒక గ్రంథమే వ్రాసెను.

ఇందులో ఒక చేదైన సత్యము దాగియున్నది. మనవాడు బలశాలి గనుకనే పనిలోనికి పిలువబడెనని మనము గర్వముగా చెప్పుకొందుము. అతడు బలశాలియే, ఓర్పుగలవాడే. అయినను అతనిని పిలుచుటకు అసలు కారణము వేరు. అతడు అప్పులోనుండెను, తిరిగి పోవుటకు ఛార్జీ లేదు, భార్యాబిడ్డలు సముద్రము ఆవల నుండిరి, ఆ దేశపు భాష రాదు. అట్టివాడు తక్కువ కూలికి ఎదురు చెప్పలేడు. అతని నిస్సహాయతయే అతని యోగ్యత ఆయెను. యోసేపు సహోదరులు అతనిని ఇరువది తులముల వెండికి అమ్మిరని చదివి మనము నిట్టూర్చుదుము. సొంత ఊరి మేస్త్రీ చేతిలో వ్రేలిముద్ర వేసి ఓడ ఎక్కినవారిని గూర్చి నిట్టూర్చుటకు మనము మరచితిమి.

ఆ పట్టణములో దేవుని మందిరమును ఉండెను. ఈ సందర్భమున మరియొక పరదేశిని జ్ఞాపకము చేయవలెను. అమెరికానుండి వచ్చిన అదోనిరాము జడ్సనుగారిని కలకత్తాలోని కంపెనీ ప్రభుత్వము ఉండనియ్యలేదు. ఎక్కడికి పోవుటకును త్రోవ కానక, 1813 జూలైలో ఆయన రంగూనులో దిగెను. మొదటి బర్మీయ విశ్వాసికి బాప్తిస్మమిచ్చుటకు 1819వరకు, అనగా ఆరు సంవత్సరములు కనిపెట్టెను. తరువాత యుద్ధకాలమున ఆవాలో చెరసాల అనుభవించెను. 1834లో బర్మా భాషలో బైబిలు తర్జుమా ముగించెను. త్రోసివేయబడిన పరదేశి, తాను చేరిన దేశపు భాషకు అంత గొప్ప సేవ చేసెను. తరువాతి కాలమున, శ్రీకాకుళములో మన తెలుగువారి మధ్య పనిచేసిన ఆర్మ్‌స్ట్రాంగు దంపతులు 1880లలో బర్మాకు వెళ్లి, రంగూనులోని తెలుగు, తమిళ ప్రజల మధ్య సేవ చేసిరి. కాపరి తన గొఱ్ఱెలు పోయిన చోటికి పోయెను. వారము పొడుగున కోరంగీ అని పిలువబడిన మనిషి ఆదివారమున సహోదరుడా అని తన భాషలో పిలువబడుట ఎంతటి ఆదరణయో, పరదేశములో నుండినవారికే తెలియును.

ఇప్పుడు 1930వ సంవత్సరమునకు రండి. ఆ కాలమున లోకమంతటను వర్తకము క్షీణించుచుండెను. బియ్యపు ధర పడిపోవుచుండెను. పల్లెలలో బ్రదుకు కష్టమైన బర్మీయులు కూలిపనికై పట్టణమునకు వచ్చుచుండిరి. మే 5వ తేదీని ఇండియాలో గాంధీగారు ఖైదు చేయబడిరి. ఆ రాత్రియే బర్మాలో గొప్ప భూకంపము కలిగి పెగూ పట్టణమును కూల్చెను. రంగూనులోను కట్టడములు పడెను. ఆ వారముననే రంగూను రేవులోని తెలుగు కూలీలు పని మానిరి; కూలి పెంచవలెనని అడిగిరి. వారు అడిగినది న్యాయమే. ఓడలు నిలిచిపోవుచుండగా కంపెనీలవారు బర్మీయులను పిలిచి పనిలో పెట్టిరి. ఆ బర్మీయులు చేసినదియు దోషము కాదు; తమ దేశములో, తమ రేవులో, తమకు దొరకిన పని వారు చేసిరి.

కొన్ని దినములకు కంపెనీలవారికిని తెలుగు కూలీలకును సమాధానము కుదిరెను. మే 26వ తేదీ ఉదయమున మనవారు తిరిగి పనిలోనికి వచ్చిరి. బర్మీయులును నిన్నటివలెనే పనికి వచ్చిరి. ఇక మీతో అవసరము లేదని వారికి అప్పుడే చెప్పబడెను. రెండు గుంపులు రేవులో ఎదురెదురుగా నిలిచెను. మాట మాట పెరిగెను. మాట దెబ్బ ఆయెను. దెబ్బలు రేవును దాటి పట్టణమంతట వ్యాపించెను. తప్పించుకొనజూచిన మనవారు అనేకులు నదిలో పడి చనిపోయిరి. బస గదులలో దాగినవారిని బయటికి లాగిరి. కొన్ని దినములలో నూరునకు మించిన ప్రాణములు పోయెను, వందలకొలది గాయపడిరి. చనిపోయినవారిలో మిక్కిలి ఎక్కువమంది మన తెలుగు కూలీలు. వేలమంది ప్రాణభయముచేత తమ బసలు విడిచిరి. అనేకులు ఓడలెక్కి మన తీరమునకు తిరిగి వచ్చిరి.

చదువరులారా, ఈ సంగతి చదివి బర్మీయులను శపించుట సులభము. అట్లు చేయకుడి. ఆ ఉదయమున రేవులో రెండు గుంపుల ఆకలి నిలిచియుండెను. ఒకని చేతికి పని ఇచ్చుటయనగా మరియొకని చేతినుండి దానిని లాగుకొనుట ఆయెను. ఆ లెక్క వేసినవాడు రేవులో లేడు. ఇరువురిని ఎదురెదురుగా నిలువబెట్టినవాడు చల్లని గదిలో కూర్చుండెను. నిన్నటివరకు చెమటోడ్చిన బర్మీయునితో ముందుగా ఒక మాట చెప్పియున్నను, ఇరువురికిని భాగము పంచియున్నను, ఇంత రక్తము ఒలుకక పోయియుండును. అల్లరి జరిగిన తరువాత రేవుపనిలో బర్మీయులకును భాగము కల్పించిరి. నూరు ప్రాణములు పోకముందు చేయగూడని పని కాదది.

అటుతరువాతి కథ క్లుప్తముగా చెప్పెదను. 1937 ఏప్రిలు 1వ తేదీని బర్మా ఇండియానుండి వేరుచేయబడెను. ఒకే ప్రభుత్వము క్రింద ఒక మూలనుండి మరియొక మూలకు పోయినవాడు ఒక్క దినములో అన్యదేశస్థుడాయెను. 1941లో వలసలను అదుపుచేయు ఒడంబడిక వ్రాయబడెను. 1941 డిసెంబరు 23వ తేదీని, క్రిస్మసుకు రెండు దినములు ముందు, జపానువారు రంగూనుపైన బాంబులు వేసిరి. క్రిస్మసు నాడును వేసిరి. 1942 మార్చిలో పట్టణము పడిపోయెను. నాలుగు లక్షలకు పైబడిన భారతీయులు కొండలు అడవులు దాటి కాలినడకను ఇండియాకు పరుగెత్తిరి. ఆకలిచేతను, కలరాచేతను, మలేరియాచేతను వేలకొలది మంది త్రోవలోనే రాలిపోయిరి. యుద్ధానంతరము మిగిలినవారును, తిరిగి వెళ్లినవారును, 1962లో సైనిక ప్రభుత్వము వచ్చి అంగళ్లను వర్తకములను వశపరచుకొనిన తరువాత మరల మూటలు కట్టుకొనిరి. విశాఖపట్టణములో బర్మా క్యాంపు అను పేట నేటికిని వారి పేరు మోయుచున్నది. అక్కడివారు రంగూనులో ఆంధ్రులు, ఆంధ్రలో బర్మావారు. రెండు చోట్లను పరదేశులే.

ఇది గడచిపోయిన కథయని మీరు తలంచుచున్నారా? రంగమునకు పోవు ఓడలు లేవు గాని, విమానములు నిండి పోవుచున్నవి. కోనసీమనుండి, కడపనుండి కువైటుకు పోవుదురు. కరీంనగరు, నిజామాబాదులనుండి దుబాయికి పోవుదురు. చదువుకొన్నవారు సింగపూరు, లండను, న్యూయార్కులలో వీసా గడువు దినములు లెక్కించుకొనుచు ఉద్యోగము వెదకుదురు. మేస్త్రీకి బదులు ఏజెంటు వచ్చెను. అడ్వాన్సుకు బదులు వీసా ఖర్చు వచ్చెను. వ్రేలిముద్ర మాత్రము అట్లే ఉన్నది.

మా సంఘములో జరిగిన ఒక సంగతి చెప్పెదను. ఇది నా తప్పిదమును ఒప్పుకొనుటయే. ఒక ఆదివారమున ఒక కుటుంబము తమ కుమారునికి విదేశములో ఉద్యోగము దొరకినందుకు కృతజ్ఞతార్పణ తెచ్చిరి. నేను సంతోషముతో, అనేకులు పోటీపడిన స్థలములో దేవుడు ఈ బిడ్డను ఏర్పరచుకొనెనని ప్రార్థన చేసితిని. ఆరాధన ముగిసిన తరువాత వెనుక వరుసలో కూర్చున్న ఒక తల్లి నా యొద్దకు వచ్చి మెల్లగా ఇట్లడిగెను: "అయ్యగారూ, మావాడు కూడా అదే పట్నంలో ఎనిమిది నెలలు తిరిగి, పని దొరక్క తిరిగొచ్చేశాడు. మరి వాణ్ణి దేవుడు వద్దన్నాడా?" నాకు జవాబు రాలేదు. సెమినరీలో చదివిన చదువంతయు ఆ క్షణమున నోరు మూసుకొనెను. నేను ప్రార్థనలో పని దొరకినవానిని చూచితిని. సంతవీధిలో ఇంకను నిలిచియున్నవానిని చూడలేదు.

ఆ రాత్రి మత్తయి 20వ అధ్యాయమును మరల తెరచితిని. ఉపమానములో యజమానుడు ఒక్కసారి వచ్చి, తనకు కావలసినవారిని ఏర్పరచుకొని, తలుపు వేసికొనలేదు. అతడు తోటకు కావలసినంతమందిని లెక్కించుటకు రాలేదు. నిలిచియున్నవారు ఇంకను ఉన్నారేమోయని చూచుటకు మరల మరల వచ్చెను. కడపట పిలువబడినవానికి పూర్తి కూలి ఇచ్చెను. ఏలయనగా వాని ఇంటిలో ఆకలి పూర్తి దినపు ఆకలి. మొదట వచ్చినవారు సణుగుకొనిరి. వారి సణుగుడు మన రేవులోని సణుగుడే: వానికి దొరకినది నాకు తగ్గెనన్న భయము. పని దొరకుట ఒకడు మరియొకనిపై గెలుచుట అని మనుష్యుల పట్టణము నేర్పును. యజమానుని తోటలో అట్లు కాదు. మరునాడు నేను ఆ తల్లి ఇంటికి పోయి క్షమాపణ అడిగితిని. మీ కుమారుని దేవుడు వద్దనలేదు. పట్టణము వద్దనెను, ఆ రెంటిని నేను కలిపితినని చెప్పితిని.

కాబట్టి సంఘమువారితో మూడు మాటలు మనవి చేయుచున్నాను.

మొదటిది, పంపువారు కన్నులు తెరచి పంపవలెను. ఏజెంటు ప్రభుత్వపు రిజిస్టరులో ఉన్నవాడో కాడో విచారింపుడి. ఒప్పందపు కాగితము తెలిసిన భాషలో చదివించుకొనక సంతకము చేయకుడి. ఒక నకలు ఇంటిలో ఉంచుడి. పొలము తాకట్టు పెట్టి పంపిన బిడ్డ అన్యాయమునకు ఎదురు చెప్పలేడు. చుట్టమని, మన సంఘమువాడని మేస్త్రీని నమ్మిన మన పూర్వులను జ్ఞాపకము చేసికొనుడి.

రెండవది, పోవువారు తాము దిగిన దేశమును ప్రేమింపవలెను. రూతు బేత్లెహేము పొలములో పరిగె ఏరుకొనెను. ఆ జనమును తన జనముగా ఎంచుకొనెను. ఆ దేశపు భాషలో నాలుగు మాటలు నేర్చుకొనుడి. మీ ప్రక్కన పనికొరకు నిలిచిన ఆ దేశపు బీదవాని ముఖము చూడుడి. మీకు పని దొరకిన దినమున అతనిని ఎగతాళి చేయకుడి.

మూడవది, ఇంటిలో నున్న మనము పరదేశిని గుర్తింపవలెను. ఐగుప్తులో మీరు పరదేశులైయుంటిరి గనుక పరదేశిని మీవలెనే ప్రేమింపుమని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించెను. ఒడిశానుండి, బీహారునుండి, బంగాళమునుండి వచ్చి మన హైదరాబాదులో, విజయవాడలో ఇండ్లు కట్టువారు తెల్లవారకముందే కూడలిలో నిలుచుచున్నారు. వారిని మన ఊరిలో ఏ పేరుతో పిలుచుచున్నారో ఒకసారి వినుడి. మన తాతలను కోరంగీలని పిలిచినప్పుడు వారికి ఎట్లుండెనో అప్పుడు తెలియును.

చదువరులారా, ఈ సాయంకాలము ప్రార్థించునప్పుడు పని దొరకిన బిడ్డల కొరకు స్తుతించుడి; ఆ స్తోత్రము యుక్తమే. అటుపిమ్మట ఇంకను పిలువబడక నిలిచియున్న ఒకని పేరు పలుకుడి. పొద్దు వాలినను మన యజమానుడు సంతవీధిని మరువలేదు. ఆయన అక్కడికి వచ్చునప్పుడు మనమును ఆయన వెంట నడచుదుము గాక. ఆమేన్.